పచ్చబడిన చెరువు, చేప కాలేయం: మేతతో ఎంతవరకు కాపాడగలం?

(రాజాంలో చేపల రైతులు, మత్స్యకార సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పొద్దున్నే చెరువు పని ముగించుకుని ఈ ఎండలో ఇంత దూరం వచ్చారు, ముందుగా మీకు దండం. పాలకొండ వాళ్లున్నారు, చీపురుపల్లి వాళ్లున్నారు, వంగర నుంచి వచ్చినవాళ్లున్నారు. వెనక వరసలో అక్కలు, చెల్లెళ్లు కూర్చున్నారు. చాలా ఇళ్లలో మేత కలిపేదీ మీరే, చేప అమ్మేదీ మీరే. కాస్త ముందుకు రండమ్మా, ఈ పళ్లెంలో చూపించాల్సినవి ఉన్నాయి.

నన్ను పిలిచినవాళ్లు అడిగింది ఒక్కటే. "చెరువు పచ్చబడుతోంది సార్, చేప మేత ముట్టడం లేదు, మేతలో ఏం కలిపితే నిలబడుతుంది?" మీలో చాలామంది ఇప్పటికే దుకాణంలో లివర్ టానిక్ డబ్బాలు కొని కలుపుతున్నారు. కొందరు మునగాకు కలుపుతున్నారు, కొందరు పసుపు. నా మాట ముందే చెప్పేస్తాను. మేతలో కలిపే సహజ పదార్థాలు విషపు పాచి నుంచి చేప కాలేయాన్ని కొంతవరకు కాపాడతాయి. ఆ కొంత ఎంతో, ఎప్పుడు ఇస్తే పనికొస్తుందో, ఎప్పుడు ఇచ్చినా డబ్బు దండగో తెలిసి కలపాలి.

ఈ విషయం గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్ల కంటే మనకే ఎక్కువ అవసరం అని నేను అనుకుంటాను. భీమవరం, కైకలూరు వైపు చెరువు పచ్చబడితే కాలువ నీళ్లు పెట్టి మారుస్తారు, రాత్రంతా ఏరేటర్లు తిప్పుతారు. మనవి ఎక్కువగా వానచెరువులు. ఆ నీళ్లు ముందు ఆయకట్టువి, తర్వాత పశువులవి, ఆఖరున మన చేపవి. చాలా గట్ల మీద కరెంటు లేదు. మార్చి దాటిందంటే నీళ్లు రోజురోజుకీ లాగేస్తాయి, ఉన్న నీళ్లలో పచ్చదనం చిక్కబడుతుంది. నీటి మీద మనకు పెద్దగా అదుపు లేదు. చేప నోటికి అందించే మేత మీద ఉంది. అందుకే మేత గురించి ఇంత వివరంగా మాట్లాడుకోవాలి.

అయితే మేత దగ్గరికి వెళ్లేముందు చేప దేనివల్ల చస్తోందో తేల్చుకోవాలి. తెల్లవారుజామున బొచ్చెలు తలలు పైకెత్తి నోళ్లు తెరుస్తున్నాయంటే అది విషం పని కాదు, ఊపిరాడక. పాచి పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే పాచి చేపతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి నీళ్లలో ఏమీ మిగలదు. మబ్బు పట్టి గాలి ఆగిపోయిన రోజుల్లో ఇది ఇంకా ఘోరం. మనకు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అల్పపీడనాలు వచ్చినప్పుడు ఒక్క రాత్రిలో చచ్చి తేలిన చేపలతో చెరువు తెల్లబడేది ఇందుకే. పచ్చని చెరువుల్లో ఒకేసారి వందల చేపలు తేలాయంటే నూటికి తొంభై సందర్భాల్లో నేను ముందు అనుమానించేది ఆక్సిజన్‌నే. దానికి మేతలో ఏ ఆకూ పనిచేయదు. ఆ పూట మేత పూర్తిగా ఆపాలి, డీజిల్ ఇంజన్ దింపి నీళ్లను పైకి చిమ్మించాలి, పొద్దెక్కేదాకా చిమ్మిస్తూనే ఉండాలి. మధ్యాహ్నం పూట ఇంకో ప్రమాదం. పాచి నీళ్లలోని కార్బన్ డయాక్సైడ్ అంతా లాగేసుకుంటే పీహెచ్ 9 దాటిపోతుంది, అప్పుడు నీళ్లలో ఉన్న అమ్మోనియా చేపకు విషంగా మారుతుంది. అదీ మేతతో పోయే జబ్బు కాదు.

విషపు పాచి చంపే తీరు వేరు. ఒక్కసారిగా చంపడం తక్కువ. చేప మేత తగ్గిస్తుంది, బరువు ఎక్కదు, రోజుకు ఒకటి రెండు అంచుకు వచ్చి పడతాయి, చిన్న దెబ్బకే జబ్బు పడతాయి. రైతుకు లెక్క తేలదు. పట్టుబడి నాడు కాటా మీద తెలుస్తుంది.

ఇప్పుడు ఈ సీసా చూడండి. పొద్దున ఒక చెరువులో గాలి కొట్టే వైపు అంచు దగ్గర ముంచి తెచ్చిన నీళ్లు ఇవి. తెచ్చి కదపకుండా నీడలో పెట్టాను. చూశారా, పచ్చదనమంతా పైకి వచ్చి మెడ దగ్గర దళసరిగా పేరుకుంది, కింద నీళ్లు దాదాపు తేటగా ఉన్నాయి. ఈ రెండో సీసా ఇంకో చెరువుది. ఇందులో పచ్చదనం అడుగుకు దిగింది. మొదటిదానిలో ఉన్నది నీలిఆకుపచ్చ పాచి, మీరందరూ బ్లూగ్రీన్ ఆల్గే అంటారే, అది. నిజానికి అది ఒక రకం బ్యాక్టీరియా. దాని కణాల్లో సన్నని గాలి గదులు ఉంటాయి, వాటితో కావాలంటే పైకి తేలుతుంది, కావాలంటే దిగుతుంది. ఎండ కోసం మిగతా పాచినంతా కిందికి నెట్టి తాను పైన కూర్చుంటుంది. ఇంకో పరీక్ష, ఒక కర్ర ముంచి తీయండి. కర్రకు పచ్చ రంగు పూసినట్టు అంటుకుంటే ఇదే. జుట్టులాగా పోగులు వేలాడితే అది మామూలు నాచు, దాని గురించి భయం లేదు. ఈ పరీక్షలు ఫలానా రకం పాచి ఉందని చెబుతాయి, విషం ఎంత ఉందో చెప్పవు. ఒకే జాతిలో విషం తయారుచేసేవీ ఉంటాయి, చేయనివీ ఉంటాయి. దానికి ప్రయోగశాల కావాలి. కానీ రైతు మేల్కోవడానికి ఈ సీసా చాలు.

ఇంకో అలవాటు చేసుకోండి. చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి అరచెయ్యి చూడండి. అరచెయ్యి మసగ్గా కనబడితే చెరువు బాగున్నట్టు. మణికట్టు దాటగానే కనబడకపోతే పచ్చదనం మితిమీరినట్టు. రోజూ ఒకే వేళకి, మధ్యాహ్నానికి ముందు చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

మంచినీటి చెరువుల్లో మనం ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మైక్రోసిస్టిస్ అనే జాతి. అది తయారుచేసే విషం పేరు మైక్రోసిస్టిన్. ఏడు అమైనో ఆమ్లాలు గుండ్రంగా చుట్టుకుని ఉన్న చిన్న పదార్థం అది, ఇప్పటికి 200కు పైగా రకాలు గుర్తించారు. ఎంత గట్టిదంటే మరిగించినా విరగదు. ఆ పాచిని చేప మేతతో పాటు మింగుతుంది. పేగు నుంచి విషం కాలేయానికి చేరుతుంది. పిత్తరసపు ఆమ్లాలను లోపలికి మోసే ద్వారాలు కాలేయ కణాలకు ఉంటాయి, వాటిలోంచే ఇది దూరిపోతుంది. అందుకే అన్ని అవయవాల కంటే ముందు దెబ్బ కాలేయానికే. లోపలికి వెళ్లి రెండు పనులు చేస్తుంది. ఒకటి, ప్రోటీన్ ఫాస్ఫటేజ్ 1, 2ఎ అనే రెండు ఎంజైములను పట్టి బిగించేస్తుంది. దాంతో కణం ఆకారాన్ని నిలబెట్టే లోపలి దారాలు కూలిపోతాయి, కణం ముడుచుకుపోతుంది. రెండోది, కణంలో ఆక్సీకరణ ఒత్తిడి పెంచుతుంది, అంటే దుందుడుకు ఆక్సిజన్ అణువులు పుట్టి కొవ్వు పొరలను, ప్రోటీన్లను కాల్చేస్తాయి.

ఈ రెండు పనులూ గుర్తుపెట్టుకోండి, మన మందు సంగతి మొత్తం ఇక్కడే ఉంది. మొదటి పనిని, అంటే ఎంజైమును బిగించడాన్ని, మేతలో కలిపే ఏ ఆకూ విప్పలేదు. రెండో పనిని తగ్గించవచ్చు. ఎలాగంటే, కణానికి తనదైన రక్షణ ఒకటుంది. గ్లూటాథయోన్ అనే గంధకం ఉన్న పదార్థం. విషాన్ని ఇది పట్టుకుని తనతో కలిపేసుకుంటే ఆ విషం చాలావరకు చల్లబడి, నీళ్లలో సులువుగా కరిగి బయటికి పోతుంది. చేప కూడా ఇలాగే విషం విరగ్గొట్టుకుంటుందని 1998లోనే చూపించారు. చిక్కేమిటంటే అది గాదెలో ధాన్యం లాంటిది. రోజూ పాచి మింగుతుంటే రోజూ ఖర్చవుతుంది, ఒకనాటికి అడుగు కనబడుతుంది. మనం మేతలో ఇచ్చే పదార్థాలు ఆ గాదె నింపడానికి, అది ఖాళీ అయ్యేలోపు కణాన్ని కాలనివ్వకుండా చూడటానికి.

ఈ పళ్లెం దగ్గరికి రండి. రెండు శీలావతులు, రెండిటినీ ఇప్పుడే కోశాను. కోడి కాలేయంలా ఒకే ముద్దగా ఉండదు దీనికి, పేగు మడతల మధ్య పరుచుకుని ఉంటుంది, అందుకే చాలామంది దాన్ని పేగుతో పాటు లాగేసి చూడరు. ఇది ముదురు ఎరుపు, వేలితో నొక్కితే గట్టిగా ఉంది. ఇది చూడండి, పాలిపోయి పసుపు తిరిగింది, అంచు పట్టుకుంటే చెదిరిపోతోంది. పాలిపోయిన ప్రతి కాలేయమూ పాచి విషమే అనుకోవద్దు. తవుడు మరీ ఎక్కువ తిన్న చేపకు కాలేయంలో కొవ్వు పేరుకున్నా ఇలాగే ఉంటుంది. కానీ కాలేయం ఇలా ఉన్న చేప ఏ దెబ్బకూ ఆగదు. పదిహేను రోజులకోసారి ఒక చేపను కోసి చూసుకోండి. ఒక చేప పోతే పోయింది, చెరువు సంగతి తెలుస్తుంది.

ఇక మేతలో ఏం కలపాలి. ముందు ప్రయోగాల్లో ఏం తేలిందో చెబుతాను. స్పెయిన్‌లో సెవిల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పని మీద చాలాకాలం ఉన్నారు. 2008, 2009 సంవత్సరాల్లో తిలాపియా చేపలకు మేతలో విటమిన్ ఇ జాతి పదార్థం, సెలీనియం అనే ఖనిజం, గ్లూటాథయోన్ తయారీకి పనికొచ్చే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ వేరువేరుగా పెట్టి, తర్వాత మైక్రోసిస్టిన్ ఇచ్చి చూశారు. ముందుగా ఆ మేత తిన్న చేపల్లో కాలేయం, మూత్రపిండం దెబ్బతినడం తగ్గింది. విటమిన్ ఇ ప్రయోగంలో విషం ఇవ్వడానికి ముందు వారం రోజులు ఆ మేత పెట్టారు. ఈ "ముందు" అన్నమాట దగ్గర ఆగండి. 1991లో ఎలుకల మీద సిలిమారిన్ అనే మొక్క పదార్థంతో చేసిన ప్రయోగమూ అంతే, విషం కంటే ముందు ఇస్తే ప్రాణం నిలిచింది. గ్రీన్ టీ పదార్థాలతో ఎలుకల్లో చేసినదీ అదే దారి. కాలేయం కూలిన తర్వాత ఇచ్చి లేపిన కథ ఇవేవీ కాదు. చేప మేత మానేశాక మేతలో మందు కలిపి ఏం లాభం బాబూ, అది తినదు కదా! చెరువు పచ్చబడటం మొదలైన వారంలో ఇవ్వాలి. అందుకే అంతసేపు సీసా గురించీ మోచెయ్యి గురించీ చెప్పాను.

మన దగ్గర దొరికేవి చూద్దాం. పసుపు, వెల్లుల్లి. భువనేశ్వర్ పక్కన కౌసల్యాగంగలో కేంద్ర మంచినీటి మత్స్య పరిశోధన సంస్థ ఉంది, సిఫా అంటారు. మనకు రైలెక్కితే చేరిపోయే దూరం. అక్కడి పరిశోధకులు 2007, 2008లో శీలావతి పిల్లలకే వెల్లుల్లి, పసుపు మేతలో పెట్టి, ఏరోమోనాస్ అనే బ్యాక్టీరియాను తట్టుకునే శక్తి పెరుగుతుందని చూపించారు. కిలో మేతకు కొద్ది గ్రాముల లెక్కనే వాడారు. అది పాచి విషం మీద చేసిన ప్రయోగం కాదు, ఆ తేడా మీకు చెప్పాలి. అయితే వెల్లుల్లిలో గంధకపు పదార్థాలు ఉన్నాయి, పసుపులో కర్క్యుమిన్ ఉంది, ఇవి ఆక్సీకరణను అడ్డుకునేవే. మన చేపకు పడతాయి, ఖర్చు తక్కువ. వంద కిలోల మేతకు పసుపు పావుకిలో, వెల్లుల్లి అరకిలో చాలంటాను నేను.

మునగాకు. ప్రతి పెరట్లో ఉంది. విటమిన్ ఇ, సి, కెరోటిన్లు, పాలీఫెనాల్స్ అన్నీ ఉన్న ఆకు. కానీ ఎక్కువైతే మంచిది కాదు. దానిలో సపోనిన్లు, టానిన్లు ఉంటాయి, మోతాదు దాటితే చేప ఎదుగుదల తగ్గుతుంది. 2003లో తిలాపియా మీద చేసిన ప్రయోగంలో మేతలోని మాంసకృత్తుల్లో పదో వంతు దాకా మునగాకుతో ఇస్తే ఇబ్బంది లేదు, అది దాటితే ఎదుగుదల పడిపోయింది. మనం రక్షణ కోసం ఇస్తున్నాం కాబట్టి అంత అక్కర్లేదు. వంద కిలోల మేతకు ఎండుపొడి రెండు కిలోలు మించొద్దు. ఆకును నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో వేస్తే విటమిన్లు పోతాయి. చేత్తో నలిపితే గలగలా పొడి అయ్యేదాకా ఆరాలి, తడి ఉంటే బూజు పడుతుంది. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే చేసుకుని మూత గట్టి డబ్బాలో పెట్టుకోండి.

స్పైరులినా గురించి అడుగుతారని తెలుసు. అదీ నీలిఆకుపచ్చ జాతిదే, మన శత్రువుకు చుట్టమే, కానీ విషం తయారుచేయదు. చేపల్లో కాలేయానికి మేలు చేస్తుందని చాలా ప్రయోగాలు ఉన్నాయి. మంచి సరుకు ఖరీదు ఎక్కువ. పిల్లల చెరువుకు, అంటే నర్సరీకి, వాడుకోండి, అక్కడ పొడి కొంచెమే పడుతుంది. పెద్ద చెరువుకు అంత డబ్బు పెట్టమని నేను చెప్పలేను. చెరువులో తేలేదాన్ని ఎత్తి ఎండబెట్టి అదే స్పైరులినా అని మాత్రం ఎవరూ పెట్టకండి!

సెలీనియం మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు. ప్రయోగాల్లో పనిచేసింది నిజమే. చేపకు కిలో మేతకు అర మిల్లీగ్రాములోపే కావాలి. పదమూడు, పదిహేను మిల్లీగ్రాములు అయితే అదే విషమవుతుందని ట్రౌట్, క్యాట్‌ఫిష్ చేపల్లో చూశారు. చేతి కొలతకు, గుప్పెడు లెక్కకు అందే వస్తువు కాదది. కంపెనీ మేతలో కలిపి వస్తే సరే. లివర్ టానిక్ కొంటే డబ్బా వెనక ఏముందో చదవండి, చదవలేకపోతే చదివించుకోండి. ఏ పదార్థం ఎంత ఉందో రాయని డబ్బా కొనొద్దు.

కలిపే పద్ధతి మీదే సగం ఫలితం. మనం తవుడు, వేరుశనగ చెక్క కలిపి కన్నాల సంచుల్లో కర్రలకు కడతాం. పైన పొడి చల్లేసి కడితే అది సంచిలోంచి నీళ్లలోకి కారిపోతుంది, చేపకు వెళ్లేది తక్కువ. వేరుశనగ చెక్క రాత్రి నానబెట్టండి. పొద్దున మునగాకు పొడి, పసుపు, దంచిన వెల్లుల్లి ముందు ఆ చెక్కలో కలిపి, చిక్కని గంజి పోసి, చివర తవుడు వేసి గట్టిగా పిసికి ముద్దలు చేయండి. కొద్దిగా నూనె చేర్చితే ఇంకా మంచిది, పసుపులోని సారం, విటమిన్ ఇ నూనెలోనే బాగా కలుస్తాయి. గంజి చల్లారాకే ఆకుపొడి వేయాలి. అక్కా, మీరు తల ఊపుతున్నారు, మీ ఇంట్లో ఇలాగే చేస్తారనుకుంటాను.

ఇప్పుడు చెప్పేది దయచేసి శ్రద్ధగా వినండి, ఎందుకంటే ఇక్కడ జరిగే నష్టం పాచి కంటే పెద్దదని నా గట్టి నమ్మకం. వర్షాకాలంలో మన వేరుశనగ చెక్క, డీఓబీ, అంటే నూనె తీసిన తవుడు, ఎలా నిలవ ఉంటున్నాయి? గోడకు ఆనించి, నేల మీద బస్తాలు. లోపల చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది, ముక్క విరిస్తే పసుపుపచ్చ బూజు. దాన్ని "చేపకే కదా" అని వేసేస్తాం. ఆ బూజు చేసే విషం అఫ్లటాక్సిన్. అది లోకానికి తెలిసిందే వేరుశనగ చెక్క వల్ల. 1960లో ఇంగ్లండులో లక్ష దాకా టర్కీ కోళ్లు చచ్చిపోతే, బ్రెజిల్ నుంచి వచ్చిన బూజు పట్టిన వేరుశనగ పిండి కారణమని తేలింది. ఆ కాలంలోనే అమెరికాలో పెంపకపు ట్రౌట్ చేపలకు కాలేయంలో గడ్డలు వచ్చాయి, బూజు పట్టిన పత్తిగింజల పిండి వల్ల. పాచి విషం దెబ్బ కొట్టేదీ కాలేయాన్నే, బూజు విషం కొట్టేదీ కాలేయాన్నే. ఒక చేత్తో మునగాకు, ఇంకో చేత్తో బూజు చెక్క పెడితే ఏ ఆకు మాత్రం ఏం చేస్తుంది? చెక్క బస్తాలను బల్లల మీద పేర్చండి, గోడకు జానెడు ఎడం ఉంచండి, నెలకు సరిపడా మాత్రమే కొనండి. బూజు పట్టినది ఎండబెట్టినా విషం పోదు, పారేయడమే. ఈ ఒక్క పని చేసి మునగాకు మానేసినా నేను ఏమీ అనను.

ఇంకొకటి ఉంది, మేతే పాచికి ఎరువు. మనం వేసిన మేతలోని నత్రజని, భాస్వరంలో మూడో వంతు కూడా చేప ఒంట్లో నిలవదు, మిగిలింది నీళ్లలోకే పోతుంది. భాస్వరం దొరికితే మైక్రోసిస్టిస్ విజృంభిస్తుంది. కాబట్టి పచ్చబడిన రోజుల్లో మందు కలిపాం కదా అని మేత పెంచకండి. సగానికి తగ్గించి, ఆ సగంలోనే ఇవన్నీ కలిపి ఇవ్వండి. పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేయడం ఆపేయండి. చేప బరువు రెండు వారాలు ఆగుతుంది, ఆగనివ్వండి.

పాచిని చంపేద్దామని మైలుతుత్తం, అదే కాపర్ సల్ఫేట్, చల్లేవాళ్లున్నారు. పాచి చస్తుంది. చచ్చేటప్పుడు కణం పగిలి లోపలి విషమంతా ఒకేసారి నీళ్లలోకి వస్తుంది, పైగా కుళ్లి ఆక్సిజన్ లాగేస్తుంది. 1979లో ఆస్ట్రేలియాలో పామ్ ఐలాండ్ అనే చోట తాగునీటి చెరువులో పాచికి కాపర్ సల్ఫేట్ వేశారు. తర్వాత 148 మంది కాలేయ, పేగు జబ్బుతో ఆస్పత్రి పాలయ్యారు, అందులో 138 మంది పిల్లలు. మన చెరువులో గేదె నీళ్లు తాగుతుంది, పిల్లలు ఈత కొడతారు. ఊరి చెరువులో మైలుతుత్తం వద్దు.

వెండిచేప, అంటే పాచిని వడగట్టి తినే సిల్వర్ కార్ప్, దాని సంగతి కూడా చెప్పాలి. చైనాలో వుహాన్ నగరంలోని డోంగ్‌హు సరస్సులో ఏళ్ల తరబడి ఉన్న మైక్రోసిస్టిస్ 1985లో మాయమైంది. వెండిచేపలు, బిగ్‌హెడ్ చేపలు ఎక్కువగా వేయడమే కారణమని అక్కడి పరిశోధకులు ఆ సరస్సులోనే వేరువేరు గదులు కట్టి పరీక్షించి చెప్పారు. మన దగ్గర వెండిచేపకు ధర రాదు, బొచ్చెతో మేతకు పోటీ పడుతుంది, నాకు తెలుసు. అయినా ఏటా పచ్చబడే చెరువులో కొన్ని వేసి చూడటం మంచిది.

ఇప్పుడు మీరు అడగండి.

(వంగర రైతు: "పచ్చి మునగాకు కొమ్మలే చెరువులో ఏసేస్తే అవదా సార్?")

గడ్డిచేప కొరుకుతుంది బాబూ, మిగతావి ముట్టవు. కుళ్లితే ఆక్సిజన్ పోతుంది. ఎండబెట్టి మేతలోనే ఇవ్వు. వరిగడ్డి మోపులు వేస్తే పాచి తగ్గుతుందని కూడా అంటారు. కుళ్లే గడ్డి నుంచి వచ్చే పదార్థాలు మైక్రోసిస్టిస్‌ను అణచుతాయని ప్రయోగాలున్నాయి. కానీ పాచి చిక్కబడ్డాక వేస్తే ఆ కుళ్లే చేపను చంపుతుంది. వేస్తే వానలకు నీళ్లు నిండిన కొత్తలో, కొద్దిగా వేయాలి.

(కవిటి నుంచి వచ్చిన యువకుడు: "మా ఉద్దానం కిడ్నీ జబ్బుకూ ఈ పాచికీ సంబంధం ఉందా?")

ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా ఎవరూ తేల్చలేదు నాయనా. తేలకుండా ఈ పాచికి ముడిపెట్టి భయపెట్టడం తప్పు. రుజువు లేకుండా చెప్పే ప్రతి మాటా మీ ఊళ్లవాళ్లకు కొత్త బాధ. పచ్చబడిన చెరువు నీళ్లు తాగకూడదన్నది మాత్రం ఎక్కడైనా నిజమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజూ తాగే నీళ్లలో లీటరుకు ఒక మైక్రోగ్రాము మైక్రోసిస్టిన్ మించరాదని చెప్పింది. గేదెలను కూడా గాలికి పాచి పేరుకున్న ఒడ్డున దింపకండి. పచ్చ నీళ్లు తాగి పశువులు చచ్చాయని ఆస్ట్రేలియా నుంచి 1878లోనే రాశారు.

(ఒక రైతు: "పట్టుబడికి ఎన్నాళ్ల ముందు మునగాకు ఆపాలి?")

మునగాకు, పసుపు ఆపక్కర్లేదు, అవి మనం తినేవే. ఆపాల్సింది పట్టుబడి. నీళ్లు ఇంకా పచ్చగా ఉండగా వల వేయకండి. పాచి తగ్గి చేప మంచి నీళ్లలో ఉంటే ఒంట్లో విషం రోజుల నుంచి వారాల్లో తగ్గుతుంది. మట్టివాసన కూడా అప్పుడే పోతుంది. ఆ వాసన పుట్టించేది చాలావరకు నీలిఆకుపచ్చ పాచిలోని కొన్ని రకాలే. వ్యాపారి వాసన చూసి ధర కోసేది దానికే కదా.

(ముందు వరసలోని మహిళ: "పులుసు బాగా మరిగిస్తే ఇసం పోదా సార్?")

పోదమ్మా. వేడికి విరిగేది కాదది. కానీ చేపలో విషం సమంగా ఉండదు. కాలేయంలో, పేగులో ఎక్కువ, కండలో చాలా తక్కువ. పచ్చబడిన చెరువు చేప అయితే కడుపు పూర్తిగా తీసేసి, లోపలి గోడ గీకి, రెండు మూడుసార్లు కడిగి వండండి. ఆ పేగులు వేయించుకుని తినే అలవాటున్నవాళ్లు ఆ చేపకు మాత్రం మానండి. కొనేవాళ్లకు కూడా కడుపు తీసే ఇవ్వండి. తీసినవి గట్టు మీద వేయకండి, కుక్కలు, బాతులు తింటాయి. గొయ్యి తీసి, పైన సున్నం చల్లి కప్పేయండి.